ఫోర్ట్రాన్‌లో డైనమిక్ అర్రేల మెమరీ కేటాయింపు: దోషాలు, నిర్ధారణ, పరిష్కారం

ఎంత పెద్దదో ముందుగా తెలియని అర్రేకు, ప్రోగ్రాం నడుస్తుండగా కావలసినంత మెమరీ అడిగి తీసుకునే పద్ధతిని డైనమిక్ కేటాయింపు అంటారు. ఫోర్ట్రాన్ భాషలో ఇందుకు ‘ఎలొకేట్’ వాక్యం, తీసుకున్న మెమరీని వదిలిపెట్టడానికి ‘డీఎలొకేట్’ వాక్యం ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణంగా 1991లో వెలువడిన ఫోర్ట్రాన్ 90తో ఈ సౌకర్యం భాషలో భాగమైంది. వాతావరణం, సముద్రం, ద్రవగతి, క్వాంటం రసాయనం వంటి రంగాల్లో పెద్ద గణనలు నేటికీ దీని మీదే ఆధారపడి నడుస్తున్నాయి. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) సముద్ర స్థితి అంచనాలకు వాడుతున్న రోమ్స్, వేవ్‌వాచ్ 3 నమూనాలు ఫోర్ట్రాన్‌లో రాసినవే.

కేటాయింపు దోషాల్లో చాలావాటికి ఒక సామాన్య లక్షణం ఉంది. తప్పు జరిగేది ఒకచోట, ప్రోగ్రాం ఆగేది మరొకచోట. ఆగిన వాక్యం ముందు కూర్చుని దాన్నే మార్చి మార్చి చూస్తే ఫలితం ఉండదు. అర్రే పరిమాణాన్ని ఎక్కడ లెక్కగట్టారు, మెమరీని ఏ ప్రాంతం నుంచి తీసుకున్నారు, అది ఏ సబ్‌రొటీన్ అధీనంలో ఉంది, ఎప్పుడు వదిలారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకడమే నిర్ధారణకు సరైన దారి.

చారిత్రక నేపథ్యం

ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ నాయకత్వాన ఒక బృందం 704 యంత్రం కోసం రూపొందించిన ఫోర్ట్రాన్ 1957లో విడుదలైంది. అప్పటి నుంచి ఫోర్ట్రాన్ 77 దాకా ప్రతి అర్రే పరిమాణాన్నీ ప్రోగ్రాం రాసేటప్పుడే అంకెల్లో చెప్పవలసి ఉండేది. కంపైలర్ ఆ మేరకు స్థలం ముందే కట్టిపెట్టేది. సమస్య పెద్దదైతే ప్రోగ్రాంలో అంకె మార్చి మళ్లీ కంపైల్ చేయడమే గతి.

ఈ ఇబ్బందిని దాటడానికి ఒక ఆనవాయితీ పుట్టింది. ప్రధాన ప్రోగ్రాంలో ఒకే ఒక పెద్ద ‘వర్క్’ అర్రేను ప్రకటించి, అందులో ఏ భాగం ఏ పనికో సూచిక సంఖ్యలతో పంచి, ఆ ముక్కలను సబ్‌రొటీన్లకు అందించేవారు. రేఖీయ బీజగణితంలో ప్రసిద్ధమైన లాప్యాక్ గ్రంథాలయంలో ఈ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. అందులోని చాలా రొటీన్లకు ‘ఎల్‌వర్క్’ అనే పరిమాణాన్ని -1గా పంపితే, గణన చేయకుండా ఎంత పనిస్థలం కావాలో మాత్రం చెబుతాయి. ఆ సంఖ్య చూసి అర్రేను కేటాయించుకుని రెండోసారి పిలవాలి. ఆ పనిస్థలం చాలకుండా పంపడం పాత, కొత్త పద్ధతులు కలిసే చోట తరచుగా దొర్లే పొరపాటు.

ఫోర్ట్రాన్ 90 మూడు రకాల అర్రేలను తెచ్చింది. సబ్‌రొటీన్‌లోకి వచ్చిన పరిమాణాన్ని బట్టి తనంత తానే ఏర్పడి, బయటికి వెళ్లగానే పోయేది ఆటోమేటిక్ అర్రే. ‘ఎలొకేట్’తో ఏర్పడేది ఎలొకేటబుల్ అర్రే. వేరొక అర్రేను చూపించడానికీ, స్వయంగా మెమరీ తీసుకోవడానికీ పనికొచ్చేది పాయింటర్ అర్రే.

ఫోర్ట్రాన్ 90 ప్రమాణంలో ఒక లోటు ఉండేది. పిలుపుల మధ్య నిలిపి ఉంచే ‘సేవ్’ లక్షణం లేని స్థానిక ఎలొకేటబుల్ అర్రేను వదలకుండానే సబ్‌రొటీన్ ముగిస్తే, దాని స్థితి అనిర్ణీతమయ్యేది. ఆ తరువాత దాన్ని వాడనూ కూడదు, వదలనూ కూడదు. ఫోర్ట్రాన్ 95 దీన్ని సరిదిద్ది, అటువంటి అర్రేలు సబ్‌రొటీన్ ముగియగానే వాటంతటవే విడుదల కావాలని శాసించింది. ఎలొకేటబుల్ అర్రేలను సబ్‌రొటీన్ల ఆర్గ్యుమెంట్లుగా, ఫంక్షన్ల ఫలితాలుగా, డిరైవ్డ్ టైపుల్లో భాగాలుగా వాడే వీలును ఒక అనుబంధ సాంకేతిక నివేదిక ప్రవేశపెట్టింది. ఫోర్ట్రాన్ 2003 ఆ వీలును ప్రమాణంలో చేర్చుకుని, అసైన్‌మెంట్ ద్వారా తిరిగి కేటాయింపు, ‘మూవ్_ఎలొక్’, ‘సోర్స్’, ‘ఎర్‌మెసేజ్’ వంటి సౌకర్యాలను జోడించింది. విలువలను కాపీ చేయకుండా రూపాన్ని మాత్రమే అరువు తెచ్చుకునే ‘మోల్డ్’ ఫోర్ట్రాన్ 2008తో వచ్చింది.

మెమరీ ప్రాంతాలు

స్థిర పరిమాణంతో ‘సేవ్’ లక్షణం ఉన్నవి, మాడ్యూళ్లలో ప్రకటించినవి, కామన్ బ్లాకులు స్థిర ప్రాంతంలో ఉంటాయి. సబ్‌రొటీన్ పిలుపులతో పెరిగి తగ్గేది స్టాక్. ‘ఎలొకేట్’ వాక్యం అడిగిన మెమరీ హీప్ నుంచి వస్తుంది. ఆటోమేటిక్ అర్రేలు, వ్యక్తీకరణల మధ్యలో కంపైలర్ సృష్టించుకునే తాత్కాలిక అర్రేలు ఎక్కడ ఉండాలో ప్రమాణం చెప్పదు. కంపైలర్‌ను బట్టి, ఇచ్చిన ఐచ్ఛికాలను బట్టి అవి స్టాక్‌లోనో హీప్‌లోనో చేరతాయి. ఒక యంత్రం మీద నిక్షేపంగా నడిచిన ప్రోగ్రాం మరో యంత్రం మీద కుప్పకూలడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

ప్రతి ఎలొకేటబుల్ అర్రేకూ డిస్క్రిప్టర్ అనే చిన్న వివరాల పట్టీ ఉంటుంది. మెమరీ ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని మితులు ఉన్నాయి, ప్రతి మితికి అవధులేమిటి, మూలకాల మధ్య ఎడమెంత అన్న సమాచారం అందులో ఉంటుంది. అర్రే కేటాయింపు పొందిందా లేదా అని ‘ఎలొకేటెడ్’ ఫంక్షన్ అడిగినప్పుడు జవాబు దీనిలోంచే వస్తుంది.

స్థితికి సంబంధించిన దోషాలు

ఇప్పటికే కేటాయింపు ఉన్న అర్రేను మళ్లీ ‘ఎలొకేట్’ చేయడం ఫోర్ట్రాన్‌లో తప్పు. పాతది వదిలి కొత్తది ఇచ్చే మర్యాద ఈ వాక్యానికి లేదు. ఇంటెల్ కంపైలర్ దీన్ని 151వ సంఖ్య దోషంగా చూపిస్తుంది. కేటాయింపు లేని అర్రేను వదలబోతే 153వ సంఖ్య వస్తుంది. కేటాయింపు లేని అర్రేను చదవడం, రాయడం అంతకంటే ప్రమాదకరం. తనిఖీ ఐచ్ఛికాలు లేకపోతే ఏ సందేశమూ రాక, చాలాసార్లు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రాం ఆగిపోతుంది.

మొదటి పిలుపులో బాగా నడిచి రెండో పిలుపులో విఫలమయ్యే సబ్‌రొటీన్‌లో ముందుగా వెతకవలసింది ‘సేవ్’ లక్షణాన్నే. మాడ్యూల్ స్థాయిలో ప్రకటించిన అర్రేలు ప్రోగ్రాం ముగిసేదాకా నిలిచి ఉంటాయి. కాబట్టి కాలపు అడుగుల లూప్‌లో ప్రతి అడుగుకూ వాటిని కేటాయించే రొటీన్ రెండో అడుగులోనే ఆగిపోతుంది. దీనికి విరుద్ధమైన ఫలితం ‘ఇంటెంట్(అవుట్)’ అని ప్రకటించిన ఎలొకేటబుల్ ఆర్గ్యుమెంట్ల వల్ల కలుగుతుంది. సబ్‌రొటీన్‌లోకి అడుగుపెట్టగానే వాటి పాత మెమరీ విడుదలైపోతుంది. లోపలి విలువలు నిలవాలనుకుంటే ‘ఇంటెంట్(ఇన్అవుట్)’ అని రాయాలి.

షరతుల్లో మరో చిక్కుంది. అర్రే కేటాయింపు పొందిందా అన్న ప్రశ్ననూ, దాని పరిమాణం సున్నా కంటే ఎక్కువా అన్న ప్రశ్ననూ ‘.అండ్.’తో కలిపి ఒకే ‘ఇఫ్’లో రాయడం చాలామందికి అలవాటు. మొదటిది అసత్యమైతే రెండోదాన్ని చూడకుండా వదిలేస్తానని ఫోర్ట్రాన్ హామీ ఇవ్వదు. ఈ రెంటినీ ఒకదానిలో ఒకటిగా రెండు ‘ఇఫ్’లుగా విడగొట్టాలి.

కేటాయించిన మెమరీలో సున్నాలు ఉంటాయన్న నమ్మకం కూడా నిరాధారమైనదే. విలువలు వేసేదాకా అందులో ఏముందో చెప్పలేం. ఒకసారి సరిగా, మరోసారి తప్పుగా వచ్చే ఫలితాల వెనక తరచుగా ఈ నమ్మకమే దాగి ఉంటుంది.

పరిమాణం లెక్కలో దోషాలు

ఫోర్ట్రాన్ కంపైలర్లలో మామూలు పూర్ణాంకం సాధారణంగా 32 బిట్లది. దాని గరిష్ఠ విలువ 2,147,483,647. 50,000 అడ్డువరుసలు, 50,000 నిలువు వరుసలు ఉన్న మాత్రికను ఒకే మితి గల అర్రేగా కేటాయించాలని ‘ఎన్*ఎన్’ అని రాస్తే, రావలసిన విలువ 250 కోట్లు. అది ఆ అవధిలో ఇమడదు. పొంగిపొర్లిన లెక్క సాధారణంగా -1,794,967,296 అన్న రుణసంఖ్యగా మారుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. పై అవధి కింది అవధి కంటే తక్కువైతే ఫోర్ట్రాన్ దాన్ని తప్పుగా పరిగణించదు, సున్నా మూలకాల అర్రేగా తీసుకుంటుంది. ‘ఎలొకేట్’ విజయవంతమవుతుంది, వైఫల్యాన్ని తెలపవలసిన ‘స్టాట్’ విలువ సున్నా (అంటే విజయం) వస్తుంది, ‘ఎలొకేటెడ్’ సత్యమంటుంది. ఆ తరువాత మూలకాలను రాస్తున్నప్పుడు ప్రోగ్రాం కూలవచ్చు. ఇటువంటి సందర్భాల్లో ‘ఐఎస్ఓ_ఫోర్ట్రాన్_ఎన్వ్’ మాడ్యూల్‌లోని ‘ఇంట్64’ రకాన్ని వాడాలి. గుణకారానికి ముందే సంఖ్యలను ఆ రకంలోకి మార్చాలి. గుణించాక మార్చితే పొర్లిపోయిన విలువే 64 బిట్లలోకి చేరుతుంది.

లెక్క సరిగా ఉన్నా మెమరీ చాలకపోవచ్చు. పై మాత్రికలో ఒక్కో మూలకానికి 8 బైట్ల చొప్పున మొత్తం 2,000 కోట్ల బైట్లు, అంటే 20 గిగాబైట్లు కావాలి. ప్రోగ్రాం రాసే ముందే ఈ గుణకారం కాగితం మీద చేసి చూసుకోవడం ఎన్నో గంటల వెతుకులాటను తప్పిస్తుంది.

స్టాక్ పొంగడం

చాలా లినక్స్ వ్యవస్థల్లో ప్రధాన స్టాక్‌కు సహజ పరిమితి 8 మెగాబైట్లు. 1024 × 1024 డబుల్ ప్రెసిషన్ మాత్రిక ఒక్కటే ఆ మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. ఇంత పెద్ద ఆటోమేటిక్ అర్రే స్టాక్ మీద ఏర్పడితే, సబ్‌రొటీన్‌లోకి ప్రవేశించిన క్షణంలోనే, ఒక్క వాక్యం కూడా అమలు కాకముందే సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు. చిన్న సమస్యకు నడిచి పెద్ద సమస్యకు కూలడం దీని ముఖ్య లక్షణం.

‘యూలిమిట్ -ఎస్’ ఆదేశంతో పరిమితిని పెంచి చూడటం మంచి పరీక్ష. పెంచగానే ప్రోగ్రాం నడిస్తే కారణం స్టాకేనని తేలుతుంది. అయితే దాన్ని శాశ్వత పరిష్కారంగా భావించకూడదు. ఇంటెల్ కంపైలర్‌లో ‘-హీప్-అర్రేస్’ ఐచ్ఛికం ఆటోమేటిక్, తాత్కాలిక అర్రేలను హీప్‌లోకి మళ్లిస్తుంది. జీఫోర్ట్రాన్ కంపైలర్‌లో ‘-ఎఫ్‌స్టాక్-అర్రేస్’ ఐచ్ఛికం దీనికి తారుమారుగా, వాటిని స్టాక్ మీదకు తెస్తుంది. ‘-ఓఫాస్ట్’ ఇస్తే ఇది కూడా వెంట వస్తుంది కాబట్టి, వేగం కోసం ఐచ్ఛికం మార్చిన రోజునే ప్రోగ్రాం కూలడం మొదలుకావచ్చు. నిక్కమైన పరిష్కారం పెద్ద ఆటోమేటిక్ అర్రేలను ఎలొకేటబుల్‌గా మార్చడం.

థ్రెడ్లతో సమాంతరంగా నడిపే ఓపెన్‌ఎంపీ వాడినప్పుడు ప్రతి థ్రెడ్‌కూ వేరే స్టాక్ ఉంటుంది. కొత్త థ్రెడ్ల స్టాక్ పరిమితిని ‘ఓఎంపీ_స్టాక్‌సైజ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో పెంచాలి. ప్రైవేట్ అని ప్రకటించిన పెద్ద అర్రే థ్రెడ్ల సంఖ్య మేరకు ప్రతులుగా మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అందరికీ ఉమ్మడిగా ఉన్న అర్రేను రెండు థ్రెడ్లు ఒకేసారి కేటాయించబోతే, ఒక్కోసారి మాత్రమే కనిపించే దోషం తలెత్తుతుంది.

అవధులు దాటడం, హీప్ చెడిపోవడం

వంద మూలకాల అర్రేలో నూటొకటో మూలకాన్ని రాస్తే, మామూలుగా కంపైల్ చేసిన ప్రోగ్రాం అభ్యంతరం చెప్పదు. ఆ విలువ పక్కనున్న మెమరీ మీద పడుతుంది. అక్కడ హీప్ నిర్వాహకుడు దాచుకున్న లెక్కలు ఉంటే అవి చెడిపోతాయి. ప్రోగ్రాం మాత్రం ఆ తరువాత ఎప్పుడో, ఏ సంబంధమూ లేని వేరొక ‘ఎలొకేట్’ లేదా ‘డీఎలొకేట్’ వద్ద ‘ఫ్రీ: ఇన్వాలిడ్ పాయింటర్’ వంటి సందేశంతో ఆగుతుంది. గోడకు చెద ఒక మూల పట్టి, పెచ్చు మరో మూల రాలినట్టే ఇదీ. ‘డీఎలొకేట్’ వద్ద ఆగిందని ఆ వాక్యాన్ని తీసేస్తే చెడిన మెమరీ చెడినట్టే ఉండి, ఫలితాల్లోకి నిశ్శబ్దంగా చొరబడుతుంది.

అవధుల విషయంలో మరో సూక్ష్మం ఉంది. సున్నా నుంచి మొదలయ్యేలా ‘ఎ(0:ఎన్)’ అని కేటాయించిన అర్రేను, రూపం మాత్రమే తీసుకునే ‘ఎక్స్(:)’ ఆర్గ్యుమెంట్‌కు పంపితే, లోపల సూచిక 1 నుంచి మొదలవుతుంది. ఆర్గ్యుమెంట్‌ను కూడా ఎలొకేటబుల్‌గా ప్రకటిస్తే అసలు అవధులు అలాగే నిలుస్తాయి. లేదా ‘ఎక్స్(0:)’ అని కింది అవధిని స్పష్టంగా చెప్పాలి.

ఇంటర్‌ఫేస్ లోపాలు

ఎలొకేటబుల్ ఆర్గ్యుమెంట్ ఉన్న సబ్‌రొటీన్‌ను పిలిచే చోట దాని ఇంటర్‌ఫేస్ కంపైలర్‌కు స్పష్టంగా తెలియాలి. సబ్‌రొటీన్‌ను పాత అలవాటు ప్రకారం వేరే ఫైల్‌లో విడిగా రాసి పిలిస్తే, పిలిచేవైపు ముడి చిరునామా వెళుతుంది, అందుకునేవైపు డిస్క్రిప్టర్ కోసం ఎదురుచూస్తుంది. అందిన చిరునామాలోని విలువలనే అవధులుగా చదివి అది అర్థంలేని పరిమాణాలు చూపిస్తుంది. రొటీన్లను మాడ్యూళ్లలో పెట్టి ‘యూజ్’ వాక్యంతో తెచ్చుకుంటే ఈ దోషం కంపైల్ దశలోనే బయటపడుతుంది. పాత ఫోర్ట్రాన్ 77 ప్రోగ్రాంలను ఆధునికీకరించేవారు మొదట చేపట్టవలసిన పని ఇదే.

అసైన్‌మెంట్‌తో తిరిగి కేటాయింపు

ఫోర్ట్రాన్ 2003 ప్రకారం ‘ఎ = బి’ అని రాసినప్పుడు ‘ఎ’ ఎలొకేటబుల్ అయి, రూపం సరిపోకపోతే, దాన్ని ‘బి’ రూపానికి తగ్గట్టు తిరిగి కేటాయిస్తారు. ‘ఎ(:) = బి’ అని రాస్తే ఆ సౌకర్యం వర్తించదు. రూపాలు ముందే సరిపోయి ఉండాలి. రెండు వాక్యాలూ ఒకటే అనుకోవడం వల్ల ఎన్నో దోషాలు పుడతాయి. కేటాయింపు లేని అర్రేకు ‘ఎ = 0.0’ అని రాయడం కూడా తప్పే, ఎందుకంటే ఒంటరి విలువ నుంచి తీసుకోవడానికి రూపమేదీ ఉండదు. ఇంటెల్ కంపైలర్ పాత వెర్షన్లలో ఈ తిరిగి కేటాయింపు కోసం ప్రత్యేకంగా ఐచ్ఛికం ఇవ్వవలసి వచ్చేది. పాత కంపైలర్ ఉన్న యంత్రాల మీద దీన్ని సరిచూసుకోవాలి.

విలువలు ఒక్కొక్కటిగా చేరుతున్నప్పుడు ‘ఎ = [ఎ, కొత్త]’ అని రాయడం చూడటానికి ఇంపుగా ఉన్నా, ప్రతిసారీ మొత్తం అర్రే కాపీ అవుతుంది. మూలకాల సంఖ్య పెరిగేకొద్దీ శ్రమ దాని వర్గానుపాతంలో పెరుగుతుంది. సామర్థ్యం నిండినప్పుడల్లా రెట్టింపు పరిమాణంలో కొత్త అర్రే కేటాయించి, పాత విలువలు కాపీ చేసి, ‘మూవ్_ఎలొక్’తో పేరు మార్పిడి చేయడం మేలు. ఈ రొటీన్ మెమరీని కాపీ చేయకుండా యాజమాన్యాన్ని మాత్రమే బదలాయిస్తుంది.

పాయింటర్లు, మెమరీ లీకులు

ఎలొకేటబుల్ అర్రేకు యజమాని ఒక్కరే కాబట్టి దాని విడుదల బాధ్యతను కంపైలర్ మోయగలదు. పాయింటర్ విషయంలో ఆ హామీ లేదు. కేటాయించిన పాయింటర్‌ను వదలకుండా మరోదాని వైపు తిప్పితే మొదటి మెమరీని చేరుకునే దారి పోతుంది. కాలపు అడుగుల లూప్‌లో ఇది జరిగితే ప్రోగ్రాం మెమరీ వాడకం గంట గంటకూ పెరిగి, చివరకు నిండుకుంటుంది. ప్రకటించగానే పాయింటర్ స్థితి అనిర్ణీతంగా ఉంటుంది. అప్పుడు ‘అసోసియేటెడ్’ అని అడగడం కూడా చెల్లదు. ఫోర్ట్రాన్ 95 నుంచి ప్రకటనలోనే ‘నల్’తో ఖాళీ స్థితి ఇవ్వవచ్చు. గొలుసు జాబితాలు, వేరొక అర్రే భాగాలకు మారుపేర్లు వంటి అవసరాలు లేనప్పుడు పాయింటర్‌కు బదులు ఎలొకేటబుల్‌నే ఎంచుకోవాలి.

నిర్ధారణ సాధనాలు

మొదటి సాధనం కంపైలరే. జీఫోర్ట్రాన్‌లో ‘-జీ’, ‘-ఎఫ్‌చెక్=ఆల్’, ‘-ఎఫ్‌బ్యాక్‌ట్రేస్’, ‘-వాల్’ ఐచ్ఛికాలు, ఇంటెల్‌లో ‘-చెక్ ఆల్’, ‘-ట్రేస్‌బ్యాక్’, ఎన్ఏజీ కంపైలర్‌లో ‘-సీ=ఆల్’ అవధులనూ కేటాయింపు స్థితినీ పరిశీలించి, తప్పు జరిగిన వరుస సంఖ్యతో సహా చెబుతాయి. జీఫోర్ట్రాన్‌లో రియల్ వేరియబుళ్లకు మొదటే సిగ్నలింగ్ నాన్ (సంఖ్య కాని) విలువలు నింపే ఐచ్ఛికం కూడా ఉంది. అయితే అది ఎలొకేటబుల్ అర్రేలకు వర్తించదు.

రెండో సాధనం అడ్రస్‌శానిటైజర్. ‘-ఎఫ్‌శానిటైజ్=అడ్రస్’ ఇచ్చి కంపైల్ చేస్తే, హీప్ అవధి దాటిన రాతను అది జరిగిన క్షణంలోనే పట్టుకుంటుంది. మూడోది వాల్‌గ్రిండ్. మళ్లీ కంపైల్ చేయకుండానే, విలువ వేయని మెమరీ మీద ఆధారపడిన నిర్ణయాలనూ, లీకులనూ చూపిస్తుంది. ప్రోగ్రాం చాలా రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి చిన్న ఉదాహరణతో నడపాలి.

వెతుకులాటకు ఒక క్రమం పాటించడం మంచిది. ముందు తనిఖీ ఐచ్ఛికాలతో కంపైల్ చేయాలి. అప్పటికీ దోషం చిక్కకపోతే ప్రతి ‘ఎలొకేట్’ ముందు పరిమాణాలను ముద్రించి, అవి రుణసంఖ్యలా, సున్నాలా, అసాధ్యమైనంత పెద్దవా అని చూడాలి. తరువాత స్టాక్ పరిమితిని మార్చి పరీక్షించాలి. చివరగా అడ్రస్‌శానిటైజర్ లేదా వాల్‌గ్రిండ్‌తో నడపాలి. ఒక ప్రింట్ వాక్యం చేర్చగానే దోషం మాయమైతే అది నయమైనట్టు కాదు. మెమరీ అమరిక మారి, దెబ్బ వేరొక చోట పడుతోందని అర్థం.

‘స్టాట్’ పరిధి, పరిమితులు

‘ఎలొకేట్’ వాక్యంలో ‘స్టాట్’ లేకపోతే, వైఫల్యం ఎదురైనప్పుడు ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ‘స్టాట్’ ఇస్తే ఆగదు. విజయానికి సున్నా, వైఫల్యానికి ధనసంఖ్య ఇచ్చి ముందుకు సాగుతుంది. కాబట్టి ‘స్టాట్’ రాసి దాని విలువ చూడకపోవడం, అసలు రాయకపోవడం కంటే హానికరం. ‘ఎర్‌మెసేజ్’ను జతచేసి, అర్రే పేరూ అడిగిన పరిమాణమూ కలిపి ముద్రిస్తే నిర్ధారణ సగం పూర్తయినట్టే.

లినక్స్‌లో ఇంకొక విషయం ఉంది. సాధారణ అమరికలో ఆపరేటింగ్ సిస్టం ఉన్నదాని కంటే ఎక్కువ మెమరీ ఇస్తానని మాట ఇవ్వగలదు. ‘ఎలొకేట్’ సమయంలో చిరునామాలు మాత్రమే కేటాయించి, అసలు పేజీలను మొదటిసారి రాసినప్పుడు ఇస్తుంది. అందువల్ల ‘స్టాట్’ సున్నా వచ్చాక కూడా, విలువలు నింపుతున్నప్పుడు మెమరీ నిండుకుని సిస్టం ఆ ప్రాసెస్‌ను చంపేయవచ్చు. అప్పుడు ఫోర్ట్రాన్ సందేశమేదీ రాదు. ‘కిల్డ్’ అన్న మాటో, 137 అన్న ముగింపు సంఖ్యో మాత్రమే మిగులుతుంది. పలు ప్రాసెస్‌లుగా నడిచే ఎంపీఐ ప్రోగ్రాంలలో ఒక నోడ్ మీద ఎన్ని ప్రాసెస్‌లు ఉంటే అన్ని ప్రతులు ఏర్పడతాయి కాబట్టి, ఒక్క ప్రాసెస్‌కు సరిపోయిన అర్రే అన్నిటికీ కలిపి సరిపోకపోవచ్చు.

ఆటోమేటిక్ అర్రేలకూ, అసైన్‌మెంట్‌తో జరిగే తిరిగి కేటాయింపుకూ, కంపైలర్ తాత్కాలికాలకూ ‘స్టాట్’ రాసే చోటే లేదు. మెమరీ దొరకలేదన్న మాటను ప్రోగ్రాం విని, ఫలితాలను భద్రపరచి, అర్థమయ్యే సందేశంతో ముగిసే అవకాశం స్పష్టంగా రాసిన ‘ఎలొకేట్’ వద్ద మాత్రమే ఉంది. రోజుల తరబడి నడిచే గణనల్లో ఈ అవకాశం విలువ చాలా పెద్దది. పెద్ద అర్రేలన్నిటినీ ప్రోగ్రాం ఆరంభంలోనే, ఒకచోట, 64 బిట్ల లెక్కతో, ‘స్టాట్’ తనిఖీతో కేటాయించి, అక్కడే విలువలు నింపే పద్ధతి పాటిస్తే, మెమరీ కొరత మూడో రోజున కాక మొదటి నిమిషంలోనే తెలిసిపోయే అవకాశం బాగా పెరుగుతుంది.